వెలికోవ్‌స్కీ పుస్తకాన్ని మాక్‌మిలన్ చేత వదిలించడం న్యాయమేనా?

ప్రశ్నార్థకం:
పేరు విననివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. ఇమ్మాన్యుయెల్ వెలికోవ్‌స్కీ 1895లో ఇప్పటి బెలారస్‌లోని విటెబ్‌స్క్‌లో పుట్టాడు. మాస్కోలో డాక్టరీ చదివాడు, పాలస్తీనాలో ప్రాక్టీస్ పెట్టాడు, 1939లో న్యూయార్క్ చేరాడు. 1950లో ‘వరల్డ్స్ ఇన్ కొలిజన్’ అచ్చయింది. గురుగ్రహం నుంచి ఊడిపడ్డ శుక్రుడు క్రీ.పూ. 1500 ప్రాంతంలో తోకచుక్కలా భూమి పక్కనుంచి దూసుకుపోయాడని, బైబిల్లో సముద్రం చీలడం దగ్గర్నుంచి రకరకాల జాతుల ప్రళయ కథల దాకా అన్నీ దాని జ్ఞాపకాలేనని ఆయన వాదన.

పుస్తకం బెస్ట్ సెల్లర్ అయింది. అది రాకముందే హార్వర్డ్ అబ్జర్వేటరీ డైరెక్టర్ హార్లో షాప్లీ ప్రచురణకర్త మాక్‌మిలన్‌కు ఉత్తరాలు రాశాడు. మీ పాఠ్యపుస్తకాలు వాడం అంటూ ప్రొఫెసర్ల నుంచి ఒత్తిడి మొదలైంది. చివరికి జోరుగా అమ్ముడుపోతున్న పుస్తకాన్ని మాక్‌మిలన్ కొద్ది వారాల్లోనే డబుల్‌డేకి అప్పగించేసింది. నా మట్టుకు అది తప్పు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
తప్పేముందండీ? మాక్‌మిలన్‌కు ప్రొఫెసర్లు కస్టమర్లు. ‘ఇలాంటిది సైన్స్ పేరుతో అమ్మేవాళ్ల దగ్గర నేను పాఠ్యపుస్తకం కొనను’ అనే హక్కు కస్టమర్‌కు ఉంది. పుస్తకాన్ని ఎవరూ తగలబెట్టలేదు. డబుల్‌డేకి పాఠ్యపుస్తకాల వ్యాపారం లేదు, కాబట్టి ఏ ప్రొఫెసరుకూ భయపడాల్సిన పని లేకుండా హాయిగా అమ్ముకుంది. అణచివేత అంటే ఇదా?

ప్రశ్నార్థకం:
పుస్తకం సంగతి సరే, మనుషుల మాటేమిటి? దాన్ని మాక్‌మిలన్‌కు తెచ్చిన ఎడిటర్ జేమ్స్ పట్నం ఉద్యోగం ఊడింది. హేడెన్ ప్లానెటేరియం అధిపతి గోర్డన్ ఆట్‌వాటర్ చేసిన నేరం, పుస్తకాన్ని మనసు విప్పి చదవండని సమీక్ష రాయడం, దానిమీద ఒక షో పెట్టాలనుకోవడం. ఆయన్నీ తీసేశారు. సిసీలియా పేన్-గపోష్కిన్ అంత గొప్ప ఆస్ట్రానమర్ కూడా పుస్తకం రాకముందే, పత్రికలో వచ్చిన సంగ్రహం చూసి విమర్శ రాసేసింది. చదవకుండా తిట్టడం ఏ సైన్సు?

నైట్‌స్కై:
ఇంకో సంగతి మర్చిపోతున్నారు, ఆయన చెప్పినవి నిజమయ్యాయి! శుక్రుడు వేడిగా ఉంటాడన్నాడు, ఉన్నాడు. గురుగ్రహం నుంచి రేడియో తరంగాలు వస్తాయన్నాడు, 1955లో దొరికాయి. 1962లో ప్రిన్స్‌టన్‌కు చెందిన బార్గ్‌మన్, కొలంబియాకు చెందిన మోట్జ్ ఈ విషయంలో ఆయనకు క్రెడిట్ ఇవ్వాలని ‘సైన్స్’ పత్రికకే ఉత్తరం రాశారు.

లెక్కల మాస్టారు:
ఆ ఉత్తరంలోనే ఆయన సిద్ధాంతాలతో మేం ఏకీభవించం అని కూడా రాశారు. ఫార్వర్డ్‌ల్లో ఆ లైను ఎప్పుడూ ఎగిరిపోతుంది, ఎందుకో!

శుక్రుడి వేడి సంగతి చూద్దాం. ‘వేడి’ అన్నాడు సరే, ఎంత? అంకె లేదు. వాతావరణం వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచే గ్రీన్‌హౌస్ ప్రభావం వల్ల శుక్రుడి నేల నీళ్లు మరిగేంతకంటే వేడిగా ఉండొచ్చని ఆస్ట్రానమర్ రూపర్ట్ వైల్ట్ 1940లోనే లెక్క వేసి చెప్పాడు, అంటే ఈ పుస్తకానికి పదేళ్ల ముందు. వెలికోవ్‌స్కీ చెప్పిన కారణం, శుక్రుడు ఈమధ్యే పుట్టాడు గనక ఇంకా చల్లారలేదని. అసలు కారణం దాదాపు 96 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న దట్టమైన వాతావరణం. జవాబు కలిసి, లెక్క మొత్తం తప్పయితే నేను మార్కులు వెయ్యను. మబ్బుల్లో హైడ్రోకార్బన్లు ఉంటాయన్నాడు, ఉన్నది సల్ఫ్యూరిక్ యాసిడ్.

అన్నిటికంటే పెద్ద చిక్కు కక్ష్య. అటూ ఇటూ గ్రహాలకు తగులుతూ తిరిగిన వస్తువు దారి కోలగా, అడ్డదిడ్డంగా ఉండాలి. గ్రహాలన్నిటిలో ఎక్కువ గుండ్రంగా ఉన్న కక్ష్య శుక్రుడిదే. మూడున్నర వేల ఏళ్లలో దాన్ని అంత నున్నగా ఎవరు చెక్కారట?

చదువరి:
ఐన్‌స్టీన్ పేరు కూడా ఇక్కడికి వస్తుందని ముందే చెప్తున్నా. ప్రిన్స్‌టన్‌లో ఇద్దరికీ మంచి స్నేహం. శుక్రుడి కథను ఐన్‌స్టీన్ ఒప్పుకోలేదు, షాప్లీ వ్యవహారమూ ఆయనకు నచ్చలేదు. ఆస్ట్రానమర్ కార్ల్ సేగన్‌దీ దాదాపు అదే దారి. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో సభలో వెలికోవ్‌స్కీ ఎదురుగానే ఆ సిద్ధాంతాన్ని చీల్చి చెండాడాడు, కానీ ఈ మొత్తం గొడవలో అధ్వాన్నమైన పని కొందరు శాస్త్రవేత్తలు ఆయన నోరు నొక్కబోవడమేనని 1980లో టీవీలో చెప్పాడు. తప్పని నిరూపించడం, నోరు నొక్కడం రెండూ ఒకటి కావు.

నాకు అనిపించేది, షాప్లీ లేకపోతే వెలికోవ్‌స్కీ రెండు మూడేళ్లలో మరుగున పడేవాడు. గెలీలియో వేషం ఆయనకు ఉచితంగా తొడిగారు. 1979లో పోయేదాకా ఆయన అందులోనే బతికాడు.

లెక్కల మాస్టారు:
ఆట్‌వాటర్‌ను తీసేసినవాళ్లను నేను వెనకేసుకురాను. మాక్‌మిలన్ విషయంలో మాత్రం నా మాట అదే.

ప్రశ్నార్థకం:
అయితే ఇది చెప్పండి. 1962లో రేచెల్ కార్సన్ పురుగుమందుల మీద రాసిన పుస్తకం రాకముందే, వెల్సికాల్ అనే కెమికల్ కంపెనీ ఆమె ప్రచురణకర్తకు బెదిరింపు ఉత్తరం పంపింది. వాళ్లు లొంగలేదు కాబట్టి సరిపోయింది. అది తప్పు, ఇది ఒప్పా?

లెక్కల మాస్టారు:
వెల్సికాల్‌కు సరుకు అమ్ముకునే స్వార్థం ఉంది. షాప్లీకి ఏం ఒరిగింది?

ప్రశ్నార్థకం:
ఏమీ ఒరగలేదు. ఉత్తరం అందుకున్న ప్రచురణకర్తకు ఆ తేడా ఎలా తెలియాలి మాస్టారూ?