గన్నవరం నుంచి జక్కూరుకు సెస్నాలో: బంగాళాఖాతంలో అల్పపీడనం ఉండగా ఏ దారి మేలు?

పటమట కుర్రాడు · మంగళవారం రాత్రి 10:15
అన్నలకు, పెద్దలకు నమస్కారం. ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చి రెండేళ్లయింది. మొత్తం 140 గంటలు నడిపాను. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించనప్పుడు మీటర్లు చూసి నడిపే అర్హత) లేదు. స్నేహితుడి సెస్నా 172ఎస్ విమానం గన్నవరంలో ఉంది, దాన్ని బెంగళూరు జక్కూరుకు చేర్చాలి. ఆదివారం పొద్దున అక్కడే మా పిన్ని కూతురి పెళ్లి. అమ్మానాన్నలను కూడా ఎక్కించుకుని శుక్రవారం వెళ్దామనుకుంటున్నాను. కానీ అక్టోబర్ చివరికొచ్చాం, బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు. రెండు దారులు చూశాను. ఒకటి ఒంగోలు, నెల్లూరు మీదుగా తిరుపతిలో దిగి జక్కూరు, మొత్తం సుమారు 310 నాటికల్ మైళ్లు. రెండోది నల్లమల దాటి కడప మీదుగా. ఇలాంటి వాతావరణంలో ఈ వైపు నడిపినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

పాత ఇన్‌స్ట్రక్టర్ · మంగళవారం రాత్రి 11:02
తమ్ముడూ, ముందే అడిగావు, సంతోషం. నల్లమల దారి ఈ వారానికి మర్చిపో. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ బేగంపేట నుంచి చిత్తూరు వెళ్తూ పావురాలగుట్ట దగ్గర కూలింది. అది రెండు ఇంజిన్లది, నడిపింది ఇద్దరు పైలట్లు. నీకున్నది ఒక ఇంజిన్, కింద దిగడానికి చదును చేను కూడా లేని అడవి. తూర్పు నుంచి తడిగాలి వీచినప్పుడు ఆ కొండల తూర్పు వాలు మీదే మేఘం పేరుకుంటుంది. గుంటూరు మీద ఆకాశం బాగానే కనిపిస్తుంది, మార్కాపురం దాటాక కొండ అంచు మబ్బులో కలిసిపోతుంది.

కోస్తా దారిలో ఇంకో చిక్కుంది, కొత్తవాళ్లు దీన్ని సులువుగా పట్టుకోలేరు. గన్నవరం సముద్రమట్టానికి వంద అడుగులైనా లేదు. జక్కూరు దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉంది. నెల్లూరు దగ్గర మేఘం అడుగుభాగం 3,500 అడుగుల్లో ఉంటే హాయిగా ఎగురుతావు. అదే మేఘం అదే ఎత్తులో పలమనేరు దాకా సాగితే కింద నేల లేచి నీకు తగులుతుంది. కాబట్టి తిరుపతి మెటార్ (విమానాశ్రయం ఇచ్చే తాజా వాతావరణ నివేదిక) బాగుందని బెంగళూరు వెళ్లిపోవచ్చు అనుకోకు. రెండో అంచెకు వేరే నిర్ణయం, తిరుపతిలో నేల మీద నిలబడి తీసుకునేది.

మచిలీపట్నం రాడార్ · బుధవారం ఉదయం 6:40
ఇన్‌స్ట్రక్టర్ గారు చెప్పినదానికి గాలి సంగతి కలుపుతాను. అల్పపీడనం నీ దారికి దక్షిణాన ఉంటే కోస్తా మీద ఈశాన్యం గాలి ఉంటుంది. 20 నాట్లు అనుకుందాం. నీ విమానం 110 నాట్లు వెళ్తే వెళ్లేటప్పుడు నేల మీద వేగం 130 దాకా, తిరిగొచ్చేటప్పుడు 90. ఒంగోలు 75 మైళ్లు, పోవడానికి 35 నిమిషాలు. అక్కడి నుంచి వెనక్కి తిరిగితే 50 నిమిషాలు. ఎంత హాయిగా ముందుకు పోతున్నావో అంత గట్టిగా వెనకదారి మూసుకుంటోందన్నమాట. పైగా గన్నవరం, తిరుపతి మధ్య నువ్వు మళ్లి దిగగల విమానాశ్రయం లేదు.

టాఫ్ (రాబోయే గంటల వాతావరణ సూచన) అనేది విమానాశ్రయం, దాని చుట్టుపక్కల వరకే చెప్తుంది. కావలి మీద ఏముందో అందులో ఉండదు. దానికి వాతావరణ శాఖ (ఐఎండీ) మచిలీపట్నం, చెన్నై డాప్లర్ రాడార్ బొమ్మలు వరసగా గంటసేపు చూడు, ఒక్క బొమ్మ చూసి వదిలెయ్యకు. వాన పట్టీలు ఎటు జరుగుతున్నాయో అప్పుడు తెలుస్తుంది. మెటార్‌లో ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ (గాలిలో తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) తేడా చూడు. ఒక్కో డిగ్రీకి సుమారు 400 అడుగులు లెక్క. 27, 25 అని ఉంటే మేఘం 800 అడుగుల్లోనే కట్టుకునే వీలుంది.

మంగళగిరి గాలి · బుధవారం ఉదయం 8:20
నా అనుభవంలో అయితే తెల్లారగానే బయల్దేరితే ఇవేవీ ఉండవు తమ్ముడూ. ఉరుములన్నీ మధ్యాహ్నం తర్వాతే.

మచిలీపట్నం రాడార్ · బుధవారం ఉదయం 8:55
అన్నా, అది మే నెల మాట. అప్పుడు నేల కాగి సాయంత్రానికి క్యుములోనింబస్ (ఉరుముల మేఘం) లేస్తుంది, పొద్దున పోయినవాడు తప్పించుకుంటాడు. ఈశాన్య రుతుపవనాల్లో కోస్తా వానలు చాలాసార్లు అర్ధరాత్రి నుంచి తెల్లవారేలోపే ఎక్కువ పడతాయి, సముద్రం మీద మేఘం రాత్రి బలపడుతుంది కనుక. ఈ సీజన్‌లో తొమ్మిది, పది గంటలకు తెరిపి ఇవ్వడం నేను ఎన్నోసార్లు చూశాను.

మంగళగిరి గాలి · బుధవారం ఉదయం 9:10
ఒప్పుకుంటున్నాను. నేను నడిపిందంతా ఎండాకాలమే. తమ్ముడూ, పై మాట వదిలెయ్.

ఏలూరు కాలువ · బుధవారం మధ్యాహ్నం 1:30
నాకు జరిగింది చెప్తాను. కొన్నేళ్ల కింద నవంబర్‌లో రాజమండ్రి నుంచి గన్నవరం వస్తున్నాను. 70 మైళ్లే కదా అని బయల్దేరాను. తాడేపల్లిగూడెం దాటాక మేఘం అడుగు 1,500 నుంచి 1,000కి దిగింది. ‘ఇంకొంచెం, ఏలూరు కనిపిస్తుందిలే’ అనుకుంటూ నేనూ దిగాను. 700 అడుగుల్లో రైలు పట్టాలు పట్టుకుని పోతుంటే కొల్లేరు వైపు నుంచి గూడబాతుల గుంపు లేచింది. వాటిని తప్పించబోతే ఎదురుగా హైటెన్షన్ తీగల స్తంభం, నా ఎత్తుకు ఎంతో కింద లేదు. అప్పుడు తిప్పాను వెనక్కి. రాజమండ్రిలో దిగాక కాళ్లు వణికి రెక్క కిందే కూర్చుండిపోయాను. పక్కన మా ఆవిడ ఉంది. తను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ.

ఆ రోజు నుంచి బయల్దేరే ముందే కాగితం మీద రాసి పెట్టుకుంటాను: ‘మేఘం కింద 1,500 అడుగుల ఎత్తున ఎగరలేకపోతే, లేదా చూపు 8 కిలోమీటర్లకు తగ్గితే, తిప్పేస్తాను.’ వీఎఫ్ఆర్ (కళ్లతో బయటికి చూస్తూ నడపడం) రూలు 5 కిలోమీటర్లే. నా గీత నాది. గాల్లో కూర్చుని గీత గీసుకుంటే అది జరుగుతూనే ఉంటుంది.

పాత ఇన్‌స్ట్రక్టర్ · బుధవారం మధ్యాహ్నం 2:15
మేఘంలోకి దూరితే ఏమవుతుందో కూడా తెలుసుకో. 1954లో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ లేని 20 మందిని పరీక్షించారు. విమానం అదుపు తప్పడానికి పట్టిన సగటు సమయం 178 సెకన్లు. చెవిలోని ద్రవం ‘తిన్నగానే ఉన్నాం’ అని చెప్తూనే ఉంటుంది, రెక్క వాలిపోతూ ఉంటుంది.

అమ్మానాన్నలను ఎక్కిస్తున్నావు కనుక బరువు కూడా లెక్క వెయ్యి. 172ఎస్‌లో వాడుకోగల ఇంధనం సుమారు 200 లీటర్లు, అంటే 144 కిలోలు. మొత్తం 1,157 కిలోలు దాటకూడదు. ఖాళీ బరువు ఆ విమానం పుస్తకంలోదే తీసుకో. గంటకు 35 లీటర్ల లెక్కన ఐదు గంటలకు పైనే వస్తుంది, కాగితం మీద ఇంధనానికి కొదవ లేదు. కానీ తిరుపతిలో ఆవ్‌గ్యాస్ (మన చిన్న విమానాల పెట్రోల్) దొరుకుతుందో లేదో ఫోన్ చేసి అడిగాకే కదులు. జెట్ ఇంధనం ఉన్నచోటల్లా మనకు ఇంధనం ఉన్నట్టు కాదు.

పటమట కుర్రాడు · బుధవారం రాత్రి 9:05
లెక్క వేశాను. అమ్మ పిన్నికని ఆవకాయ, గోంగూర పచ్చడి జాడీలు సర్దింది, వాటినీ తూచాను. ట్యాంకులు నింపితే పరిమితికి మూడు కిలోల కిందే ఆగింది. కోరిశపాడు దగ్గర హైవే మీద వాయుసేన 2022 డిసెంబర్‌లో విమానాలతో ట్రయల్ చేసింది కదా, అవసరమైతే అక్కడ దిగొచ్చా?

పాత ఇన్‌స్ట్రక్టర్ · బుధవారం రాత్రి 9:20
అది వాయుసేన కోసం, మామూలు రోజుల్లో లారీలు తిరిగే రోడ్డు. ఇంజిన్ ఆగిపోతే వేరే మాట. నీ ప్లాన్‌లో దాన్ని విమానాశ్రయంగా రాసుకోకు. ఫ్లైట్ ప్లాన్, ఏడీసీ (వాయు రక్షణ అనుమతి), ఎఫ్ఐసీ (విమాన సమాచార కేంద్రం) నంబర్లు, శ్రీహరికోట నోటమ్‌లు (పైలట్లకు ఇచ్చే హెచ్చరికలు) మాత్రం మర్చిపోకు. సూర్యాస్తమయం 5:40 ప్రాంతంలో అవుతోంది. జక్కూరు చేరడం నాలుగున్నరకల్లా అయ్యేలా లెక్క వేసుకో. కుదరకపోతే తిరుపతిలో పడుకోండి.

గుంటూరు మిర్చి · బుధవారం రాత్రి 10:00
నాకు విమానాల గురించి తెలియదు, తమ్ముడు నడుపుతాడని చదువుతుంటాను. శుక్రవారం సాయంత్రం ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కు మూడు టికెట్లు ఇప్పుడే తీసి పెట్టండి. టికెట్ జేబులో ఉంటే ఆకాశాన్ని నిదానంగా చూడగలరు. పెళ్లి టైము తరుముతుంటే చూడలేరు.

ఏలూరు కాలువ · బుధవారం రాత్రి 10:12
ఈ మొత్తం చర్చలో నేను ముందు చెప్పాల్సిన మాట అక్క చెప్పారు.

పటమట కుర్రాడు · శుక్రవారం ఉదయం 10:40
ఎనిమిదింటి నుంచి చూస్తున్నాను. తిరుపతి 25, 24. రాడార్‌లో కావలి దగ్గర పట్టీ కదలడం లేదు. ఒంగోలులో మా బాబాయికి ఫోన్ చేసి మేడ ఎక్కి కొండ కనిపిస్తోందా అని అడిగాను. ‘గుడి దీపం కూడా కనపడట్లేదురా’ అన్నాడు. తాళ్లు బిగించి, పిటో (గాలి వేగం కొలిచే గొట్టం) కవర్ వేసి వచ్చేశాను. నాన్న కాస్త చిన్నబుచ్చుకున్నాడు. సాయంత్రం రైలుకు వెళ్తున్నాం. జాడీలకు బరువు బెంగ తీరింది.

పటమట కుర్రాడు · శనివారం ఉదయం 7:15
రైలు రాత్రి దిగువమెట్ట దాటాక నల్లమల ఎక్కుతుంటే లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. వాన, పొగమంచు. పక్క పట్టా కనిపించలేదు. అమ్మ వచ్చి ‘ఇందులోంచేనా మనల్ని తీసుకెళ్దామనుకున్నది’ అంది. ఈ దారి కాదమ్మా అన్నాను కానీ, మొదట దీన్నీ లెక్కలో పెట్టుకున్నాను కదా.

పాత ఇన్‌స్ట్రక్టర్ · శనివారం ఉదయం 8:00
పెళ్లి బాగా చూసిరా. తిరిగొచ్చాక ఒక మాట. మూడు రోజులు వానలో నిలిచిన విమానం. ట్యాంకు మూతల రబ్బరు సందుల్లోంచి నీళ్లు దిగుతాయి. రెక్కలను కొంచెం ఊపి, కాసేపు ఆగి, ప్రతి డ్రెయిన్ (అడుగున ఇంధనం తీసి చూసే చిన్న కవాటం) నుంచీ తీసి చూడు. ఒకసారి తీసి బాగుందనుకోకు.

పటమట కుర్రాడు · బుధవారం ఉదయం 6:50
గన్నవరంలో ఉన్నాను. ఒక్కడినే. ఆకాశం విచ్చింది, ఒంగోలు బాబాయికి కొండ కనిపిస్తోందట. ఎడమ ట్యాంకు డ్రెయిన్ మొదటిసారి గ్లాసు అడుగున బఠానీ అంత నీటి బుడగ. రెండోసారి చుక్క. మూడోసారి, నాలుగోసారి నీలం రంగు ఇంధనం ఒక్కటే. ఒంగోలు దగ్గర తిప్పే గీత కాగితం మీద రాసి మోకాలికి కట్టుకున్నాను. తొమ్మిదికి బయల్దేరుతున్నాను.