బతీదో దె త్రీగో: క్యూబా వారి గోధుమ పేలాల పాలలో డబ్బాపాలు తప్పనిసరా?

మయామీ వాసి:

అమెరికాలోని మయామీ నగరంలో క్యూబా హోటళ్లలో చాలావాటికి వీధివైపు ఒక కిటికీ ఉంటుంది. దానిని వారు వెంతానీతా అంటారు. అక్కడ కాఫీ కోసం నిలబడినవారి మధ్య ఎవరో ఒకరి చేతిలో పొడవాటి గ్లాసు, అందులో లేత గోధుమరంగు పాలు, పైన బొటనవేలి మందాన నురగ కనిపిస్తాయి. దాని పేరు బతీదో దె త్రీగో. బతీదో అంటే చిలికినది, త్రీగో అంటే గోధుమ. పొంగించిన గోధుమలను చల్లని పాలు, తీపి, ఐసు, చిటికెడు ఉప్పుతో కలిపి మిక్సీలో తిప్పితే చాలు, అది సిద్ధమవుతుంది.

తగవంతా తీపి దగ్గరే వచ్చింది. హోటళ్లలో చక్కెర కలిపిన డబ్బాపాలు, అంటే మన ఇళ్లలో అందరూ మిల్క్‌మెయిడ్ అని పిలుచుకునే కండెన్స్‌డ్ మిల్కు, పోస్తారు. మా పక్కింటి క్యూబా పెద్దావిడ మాత్రం రెండు చెంచాల చక్కెరతో సరిపెడుతుంది. డబ్బాపాలు పడితే గోధుమ వాసన తేలదని ఆవిడ పట్టుదల. హోటల్ పద్ధతిలో చేసేటప్పుడు రెండు గ్లాసులకు నేను 2 కప్పుల పేలాలు, 1 కప్పు పాలు, పావు కప్పు డబ్బాపాలు, 1 కప్పు ఐసు తీసుకుంటాను. రెండు విధాలా చేసి చూసిన తరువాత నాకు ఆవిడ మాటే సరైనదనిపిస్తోంది. మీరేమంటారు?

నెల్లూరు వంటిల్లు:

మీ పక్కింటి ఆవిడ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. డబ్బాపాలను కేవలం తీపిగా లెక్కకట్టడం పొరపాటు. పాలలోని నీటిని చాలావరకు ఇగిరించి చక్కెర కలిపితే వచ్చే పదార్థం అది. దానిలో ఒక విధమైన కాచిన కోవా రుచి ఉంటుంది, ఆ రుచి వేయించిన గోధుమ వాసనకు తోడు నిలుస్తుందే తప్ప దానిని మింగదు. పైగా కప్పు ఐసు కరిగితే పాలు పలచబడతాయి కదా, ఆ నీటిని తట్టుకొనే చిక్కదనం చక్కెర ఎక్కడినుంచి తెస్తుంది? మామిడిపండుతోనో, మామే అనే తియ్యని గుజ్జు పండుతోనో చేసే బతీదోకు పండు గుజ్జే చిక్కదనం ఇస్తుంది. గోధుమ పేలాలకు గుజ్జు లేదు. కాబట్టి డబ్బాపాలు లేని త్రీగో నా దృష్టిలో గోధుమ వాసన తగిలిన చల్లని పాలు మాత్రమే.

ధాన్యం ముచ్చట్లు:

చిక్కదనం గురించి నెల్లూరు వారు చెప్పినదానితో ఏకీభవించలేను. ఈ పానీయంలో చిక్కదనం ప్రధానంగా గోధుమ నుంచే వస్తుంది. గింజను వేడి పాత్రలో మూసి, పీడనం పెంచి, ఒక్కసారిగా మూత తెరిస్తే లోపలి తేమ ఆవిరై గింజను పొంగిస్తుంది. ఆ క్రమంలోనే గింజలోని పిండిపదార్థం ఉడికిపోతుంది. ఉడికిన పిండి చల్లని పాలలో సైతం నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది. పచ్చి గోధుమపిండిని చల్లని పాలలో కలిపి ఎంత తిప్పినా అడుగున పేరుకుంటుందే గాని పాలు చిక్కబడవు. దానిని పొయ్యి మీద ఉడికించవలసిందే.

ఇక్కడ మీరిద్దరూ పట్టించుకోని విషయం ఒకటుంది, అది సమయం. పాలలో వేసిన వెంటనే తిప్పితే పేలాలు పూర్తిగా నానవు, పానీయం పలచగా, పలుకులుగా ఉంటుంది. రెండు మూడు నిమిషాలు నాననిచ్చి, ముందు ఐసు లేకుండా తిప్పి, తరువాత ఐసు వేసి మళ్లీ కొద్దిసేపు తిప్పండి. అప్పుడు డబ్బాపాలు లేకపోయినా గ్లాసు పక్కలకు పట్టేంత చిక్కదనం వస్తుంది. తిప్పి పక్కన పెట్టి మరిచిపోతే మాత్రం అరగంటకు అది తాగేది కాదు, చెంచాతో తినవలసిన జావ అవుతుంది. నేను ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టి మరునాడు చూసుకొని ఆ జావనే తిన్నాను. అంత చెడ్డగా ఏమీ లేదు.

కృష్ణాతీరపు కోడలు:

మీ చర్చ చదివి విజయవాడలో నేను ప్రయత్నించాను కనుక మన పాలతో వచ్చే చిక్కు చెబుతాను. అమెరికాలో హోల్ మిల్కు అనే పాలలో వెన్న సుమారు 3.25 శాతం. మా ఇంటికి వచ్చే గేదెపాలలో దానికి రెట్టింపు దాకా ఉంటుంది. కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన పాలను మీగడతో సహా మిక్సీలో పోశాను. పేలాలు, డబ్బాపాలు, ఐసు అన్నీ వేసి ఒక నిమిషం పైగా తిప్పి మూత తీస్తే పైన ఆవగింజంత వెన్న పలుకులు తేలుతున్నాయి. ఐసు చల్లదనానికి, బ్లేడు తాకిడికి మీగడ చిలికినట్లే అయింది. బతీదో అంటే చిలికినది అని మయామీ వాసి గారు చెప్పిన అర్థం ఆ రోజు మా మిక్సీకి మరీ ఎక్కువగా తెలిసిందనుకున్నాను.

రెండోసారి మీగడ తీసి, పాలు వడకట్టి, డబ్బాపాలు లేకుండా చక్కెరతో చేశాను. చిక్కదనానికి ఏ లోటూ రాలేదు. కాబట్టి గేదెపాలు వాడేవారికి డబ్బాపాలు అనవసరమని, పలచని ప్యాకెట్ పాలు వాడేవారికి మాత్రం కొద్దిగా పనికివస్తాయని నా అనుభవం.

పాతపద్ధతి:

అసలు దీనిని సంప్రదాయ పానీయం అనడమే నాకు విచిత్రంగా ఉంది. క్యూబా గోధుమ పండించుకొనే దేశం కాదు, దిగుమతి చేసుకొంటుంది. గోధుమ పేలాలు కర్మాగారపు సరుకు, డబ్బాపాలు కర్మాగారపు సరుకు, మిక్సీ సంగతి చెప్పనక్కరలేదు. అట్టపెట్టెలోంచి వచ్చినదానికి శుద్ధమైన పద్ధతి ఏది అని వాదించుకోవడం ఎందుకు?

మయామీ వాసి:

పాతపద్ధతి గారూ, మీరు చెప్పిన వాస్తవాలను కాదనను, కానీ వాటి నుంచి మీరు తీసిన ముగింపును ఒప్పుకోలేను. ధాన్యాన్ని ఇలా పొంగించే పద్ధతిని అలెగ్జాండర్ ఆండర్సన్ అనే అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు 20వ శతాబ్దం మొదట్లో కనుగొన్నాడు. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో బియ్యాన్ని ఫిరంగుల్లోంచి పేల్చి జనానికి చూపించారు. డబ్బాపాలకు మూలమైన, గాలి తీసేసిన పాత్రలో పాలను ఇగిరించే పద్ధతికి గెయిల్ బోర్డెన్ 1856లోనే పేటెంటు పొందాడు. వేడి దేశాల్లో పచ్చిపాలు పూట గడిస్తే విరిగే రోజుల్లో ఆ డబ్బా వంటింట్లో ఎందుకు స్థిరపడిందో మనకు వేరే చెప్పనక్కరలేదు. మిరపకాయ, టమాటా కూడా సముద్రం దాటి వచ్చినవే. అంతమాత్రాన పండుమిరప పచ్చడి మనది కాకుండా పోయిందా?

1962లో అమెరికా క్యూబాతో వాణిజ్యాన్ని దాదాపు పూర్తిగా నిలిపివేసింది. అదే సంవత్సరం క్యూబా ద్వీపంలో రేషన్ పుస్తకం మొదలైంది. ఆ పుస్తకం మీద పాలు ప్రధానంగా 7 ఏళ్లలోపు పిల్లలకు కేటాయించే సరుకుగా మిగిలాయి. పేలాల పెట్టె, కావలసినన్ని పాలు, డబ్బాపాలు మూడూ ఒకేచోట దొరికే మయామీలో, వలస వచ్చిన కుటుంబాల మధ్య, ఈ గ్లాసు నిలదొక్కుకుంది. హోటల్లో డబ్బాపాలు ధారాళంగా పోయడానికి కూడా అదొక కారణమై ఉండవచ్చునని నా ఊహ: ఇక్కడ కొరత లేదు.

చక్కెర లెక్క:

డబ్బాపాల బరువులో సగానికి పైగా చక్కెరే ఉంటుంది. పావు కప్పు తూకం సుమారు 75 గ్రాములు కాబట్టి రెండు గ్లాసులకు 40 గ్రాముల దాకా పడుతుంది. చక్కెర పూత పూసిన పేలాలు వాడితే దానిమీద ఇంకొంత చేరుతుంది. పూత ఉన్న పేలాలు వాడేవారు డబ్బాపాలూ పోయడం నాకు అర్థం కాని సంగతి. చిటికెడు ఉప్పు మాత్రం మానకండి, అది పడితే తక్కువ తీపి కూడా నిండుగా తెలుస్తుంది.

నెల్లూరు వంటిల్లు:

ధాన్యం ముచ్చట్లు గారు చెప్పినట్లు నాననిచ్చి చేశాను. చిక్కదనం విషయంలో నా మాట వెనక్కి తీసుకొంటున్నాను. రుచి విషయంలో తీసుకోను. చక్కెరతో చేసినది శుభ్రంగా, గోధుమ వాసనతో బాగుంది, కానీ గుటక దిగిన తరువాత నోట్లో ఏమీ మిగలలేదు. ఒక చెంచా డబ్బాపాలు, ఒక చెంచా చక్కెర వేస్తే ఆ కోవా రుచి చివర్లో సన్నగా తగిలింది. ఇకమీదట నా కొలత అదే.

ఇంకొక మాట. ఊరి పచారీ కొట్టులో గోధుమ పేలాలు దొరకలేదని మరమరాలు వేసి దానినే త్రీగో అంటున్నవారిని చూశాను. మరమరాలు బియ్యానివి, తెల్లగా జారిపోతాయి. గోధుమ పొట్టు మాడిన వాసన వాటిలో ఉండదు. ఆ పొట్టు రవ్వలు గ్లాసు అడుగున దిగుతాయని కొందరు వడకడుతున్నారు, దానికన్నా చేయకపోవడమే మేలు.

కృష్ణాతీరపు కోడలు:

మరమరాల సంగతి నిజమే. పొట్టు వాసన కావాలంటే వాటికన్నా జొన్నపేలాలు దగ్గరగా వస్తాయి. తొలి ఏకాదశికి పేలపిండి చేయగా మిగిలిన జొన్నపేలాలతో నిన్న ఒక గ్లాసు చేసి, డబ్బాపాలకు బదులు బెల్లం వేశాను. దానిని బతీదో అని ఎవరికీ చెప్పలేదు. మా అత్తగారు తాగి, అడుగున దిగిన పొట్టును చెంచాతో తీసుకొని తిని, పేలపిండిని పాలలో కలుపుకోవడానికి ఇంత మిక్సీ గోల ఎందుకని అడిగారు.