ఎలివేషన్ చివరిదాకా తిప్పినా గుండు కిందే పడుతోంది, డయానా 34 ఉన్నవాళ్లు చెప్పండి

పొదలకూరు నిమ్మతోట:
అన్నలందరికీ నమస్తే. ఆరు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో డయానా 34 ఎయిర్ రైఫిల్ తీసుకున్నాను. .177 బోరు, అంటే బ్యారెల్ లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు. బ్యారెల్ విరిచి ఒక్కో పెల్లెట్ (చిన్న సీసపు గుండు) వేసుకుని కొట్టే రకం. ఇచ్చినాయన పసిబిడ్డలా చూసుకున్నాడు, కర్ర మీద గీత కూడా లేదు. నేను కొత్త స్కోప్ (గురి చూసే దుర్భిణి) బిగించినప్పటి నుంచే ఈ తంటా అంతా.

తోటలో 25 మీటర్లు టేపుతో కొలిచాను. ఇసుక నింపిన బస్తాల ముందు అట్టముక్క నిలబెట్టి కొడుతున్నా. పెల్లెట్లన్నీ గురికి బెత్తెడు కిందే పడుతున్నాయి. గురిని పైకీ కిందికీ సర్దే ఎలివేషన్ నాబ్ ఇక తిరగనంత వరకూ పైకి తిప్పేశాను. పోనీ ఒక్కచోటన్నా పడతాయా అంటే అదీ లేదు, అరచేయంత మేర చెదురుతున్నాయి. బ్యారెల్ పట్టేసిందేమో అని మొన్న కుట్టుమిషన్ ఆయిల్ నాలుగు చుక్కలు వేస్తే ఢామ్మని పేలి పొగ వచ్చింది. భయమేసి పక్కన పెట్టేశా. మూడు ఆదివారాలు దీంతోనే పోయాయి, ఇంట్లో సణుగుడు మొదలైంది. స్ప్రింగ్ మార్చమంటారా? గట్టి స్ప్రింగ్ వేస్తే గుండు పైకొస్తుందని ఒకరు చెప్పారు.

ఒంగోలు పాతచెయ్యి:
తమ్ముడూ, స్ప్రింగ్ జోలికి పోవద్దు. ముందు ఆ ఆయిల్ సంగతి. గాలి ఒక్కసారిగా నొక్కుకుంటే కాగిపోతుంది, అందులో మామూలు నూనె ఉంటే డీజిల్ ఇంజిన్‌లో లాగే అంటుకుంటుంది. నువ్వు విన్న ఢామ్ అదే. ఇలా నాలుగైదుసార్లు జరిగితే గాలిని నొక్కే పిస్టన్ సీల్ కాలుతుంది, స్ప్రింగ్ కూడా దెబ్బతింటుంది. గాలాలకు కట్టే నైలాన్ దారం మీటరున్నర తీసుకో. మడతపెట్టి బ్యారెల్లో దూర్చి, చివర చిన్న నూలుగుడ్డ తగిలించి, పెల్లెట్ వేసే వైపు నుంచి మూతి వైపుకు లాగు. గుడ్డ పొడిగా వచ్చేదాకా మారుస్తూ లాగు. ఇనప కడ్డీ మాత్రం దూర్చకు, మూతి అంచు మీద చిన్న గీత పడినా పెల్లెట్ పక్కకు తోస్తుంది.

ఇక అసలు రోగం. ఈ మోడల్‌కి పాత జబ్బు ఒకటుంది. బ్యారెల్ మూసినప్పుడు దాని ముక్కు, రైఫిల్ పైన స్కోప్ బిగించే పట్టీకి సమానంగా ఉండదు, కొంచెం కిందికి వంగి ఉంటుంది. దానితో వచ్చిన ఇనుప చూపులు బ్యారెల్ మీదే ఉంటాయి కాబట్టి వాటితో కొట్టేవాడికి తేడా తెలియదు. స్కోప్ వెనక పట్టీ మీద కూర్చుంటుంది. అది ఒకవైపు, బ్యారెల్ ఒకవైపు చూస్తుంటాయి. అందుకే నాబ్ చివరిదాకా తిప్పినా చాలడం లేదు.

చెదరడానికి కారణం కూడా చాలావరకు ఇదే అనుకుంటున్నా. స్కోప్ లోపల చిన్న గొట్టం ఒకటుంటుంది, ఒకవైపు నాబ్ నొక్కుతుంటే ఇంకోవైపు చిన్న స్ప్రింగ్ అదిమి పట్టుకుంటుంది. నాబ్‌ని చివరిదాకా పైకి తిప్పేశావంటే ఆ స్ప్రింగ్‌కి పట్టు పోతుంది. ప్రతి దెబ్బకీ లోపలి గొట్టం అటూ ఇటూ జరుగుతుంది. రైఫిల్ సరిగ్గా కొడుతున్నా స్కోప్ అబద్ధం చెబుతుంటుంది.

ఒక్క పని చెయ్. స్కోప్ పూర్తిగా తీసేసి, ఇనుప చూపులతో 10 మీటర్ల నుంచి పది పెల్లెట్లు కొట్టి వచ్చి చెప్పు. మిగతాది తర్వాత మాట్లాడదాం.

కావలి మాస్టారు:
పాతచెయ్యి గారు చెప్పిన పరీక్ష చేసే ముందు బాబూ, రైఫిల్ ఎలా పట్టుకుంటున్నావో చెప్పు. ఎన్‌సీసీలో .22 పట్టిన అలవాటుంటే భుజానికి అదిమి పట్టేస్తాం. స్ప్రింగ్ రైఫిల్‌కి అది పనికిరాదు. పెల్లెట్ బ్యారెల్ దాటేలోపే లోపల పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ మొదట వెనక్కి, వెంటనే ముందుకు ఊగుతుంది. ఆ ఊగు ప్రతిసారీ ఒకేలా ఉండాలంటే దాన్ని ఆపకూడదు. ఎడమచేయి చాచి, అరచేతిలో ఊరికే ఆననివ్వు, వేళ్లు ముయ్యకు. భుజానికి తాకీ తాకనట్టు ఉంచు. బెంచీ మీద పెట్టి కొడుతున్నావా? బల్ల చెక్క మీద నేరుగా ఆనిస్తే గుండు పైకి ఎగురుతుంది. మెత్తటి దిండు మీద చేయి, చేతి మీద రైఫిల్, అదే వరస.

పొదలకూరు నిమ్మతోట:
మాస్టారూ, బెంచీ మీద ఇటుక పెట్టి దాని మీద ఆనించాను. మీరు చెప్పింది చదివి సిగ్గేసింది.

ఒంగోలు పాతచెయ్యి:
ఇటుక! సరే, తీసెయ్. నేనూ మొదట్లో మంచం కోడు మీద ఆనించి కొట్టినవాణ్ణే.

ఉదయగిరి వైపు:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. మా చేలో అడవిపందులు వేరుశనగ మొత్తం దున్నేస్తున్నాయి. ఈ ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదంటున్నారు కదా, దీంతో పనవుతుందా?

ఒంగోలు పాతచెయ్యి:
కాదు. అర గ్రాము సీసం పంది తోలుకు గీరుకుపోతుంది, అది నొప్పితో ఇంకో ఊరి చేలో పడుతుంది. పైగా 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది, అటవీ శాఖ వాళ్ల దగ్గరకెళ్లి అర్జీ పెట్టుకోవడమే దారి. కొంగలు, పావురాలు, పిట్టలు, వీటి మీద కూడా వద్దు. లైసెన్స్ లేకపోవడానికీ, దేన్నయినా కొట్టొచ్చనడానికీ సంబంధం లేదు.

లైసెన్స్ లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తా, చాలామంది సగమే తెలుసుకుంటున్నారు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం .177 దాటని బోరు, మూతి దగ్గర శక్తి 20 జౌళ్లు దాటని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. శక్తి అంటే కిలోల్లో బరువులో సగం, దాన్ని సెకనుకు మీటర్లలో వేగం వర్గంతో గుణించాలి. 0.55 గ్రాముల పెల్లెట్ సెకనుకు 240 మీటర్లు పోతే దాదాపు 16 జౌళ్లు. అదే పెల్లెట్ 270 దాటిందంటే 20 దాటినట్టే. గట్టి స్ప్రింగ్ వద్దన్నది ఇందుకు కూడా. లైసెన్స్ అక్కర్లేని వస్తువుని చేతులారా లైసెన్స్ కావాల్సిన వస్తువుగా మార్చుకుంటాం, పైగా ఊగు పెరిగి గురి చెడుతుంది.

నెల్లూరు చెరువుకట్ట:
ఎలుకలు, పందికొక్కుల కోసం కూడా రైఫిల్ అంటున్నవాళ్లకు ఒక మాట. మా వరిపొలంలో యానాది కుటుంబాలు వచ్చి కుండలో పొగబెట్టి, బొరియలోకి ఊది ఒక్క పూటలో పట్టినన్ని నేను ఏడాదంతా గురిపెట్టినా కొట్టలేను. రైఫిల్ కాగితం మీదికే బాగుంది.

మా బావ అమెరికాలో వయోమింగ్‌లో ఉంటాడు. అక్కడ ప్రెయిరీ డాగ్ అని ఉడుతను పోలిన జంతువు బీళ్లలో బొరియలు చేస్తుంది, దాని కోసమే అక్కడ కొందరు ప్రత్యేకంగా సింగిల్ షాట్ (ఒక్కో గుండు వేసి కొట్టే) రైఫిళ్లు ఉంచుకుంటారు. ఆయనది రూగర్ నంబర్ 1, బరువైన బ్యారెల్ ఉన్నది. ఆ మోడల్ 1960ల్లో వచ్చింది. అంత ఖరీదైన దానికీ ఇలాంటి గోలే. ముందు కర్ర ఒక ఇనుప కొక్కేనికి వేలాడుతుంటుంది, కర్ర బిగించినప్పుడు అది బ్యారెల్‌ని ఒక్కోసారి ఒక్కోలా నొక్కుతుంది, గుళ్లు రెండు చోట్ల పడుతుంటాయి. ఆ కొక్కేనికీ బ్యారెల్‌కీ మధ్య చిన్న మర దింపి, నొక్కుడు ఎప్పుడూ ఒకేలా ఉండేట్టు చేసుకున్నాక కుదురుకుందట. ఫోన్‌లో గంటసేపు ఈ మర కథే చెప్పాడు, మా చెల్లెలు పక్కనుంచి తిడుతూనే ఉంది.

పొదలకూరు నిమ్మతోట:
(వారం తర్వాత) పాతచెయ్యి అన్నా, చేశాను. స్కోప్ తీసి, 10 మీటర్ల నుంచి, దిండు మీద చేయి పెట్టి. పది పెల్లెట్లూ రూపాయి బిళ్లంత చోట పడ్డాయి! ఇన్నాళ్లూ రైఫిల్‌ని తిట్టుకున్నా. ఇంకోటి, ముందు కర్రకు రెండు వైపులా ఉన్న స్క్రూల్లో ఒకటి వేలితోనే తిరిగింది.

ఒంగోలు పాతచెయ్యి:
అదిగో. ఆ స్క్రూ ఊడే దాకా ఆగకుండా వందో నూటయాభయ్యో పెల్లెట్లకొకసారి చూసుకుంటూ ఉండు. అన్నీ ఒకే బిగువుగా ఉండాలి. విరిగిపోయేంత బిగించకు, చెక్క నలుగుతుంది. స్క్రూ మరలు పట్టి ఉండేట్టు నీలం రంగు థ్రెడ్ లాకర్ జిగురు ఒక్క చుక్క వేసుకో, కావాలంటే మళ్లీ విప్పొచ్చు. మన దగ్గర అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ముసురు, చెక్క ఉబ్బుతుంది, ఆ తర్వాత మళ్లీ ఎండి స్క్రూలు వదులవుతాయి. ఆ నెలల్లో స్పాంజి పెట్టెలో మూసిపెట్టకు, తేమ పట్టి తుప్పు వస్తుంది. పలుచగా నూనె రాసిన గుడ్డతో పైన తుడిచి బయట ఉంచు, లోపలికి చుక్క కూడా వద్దు.

ఇప్పుడు స్కోప్. ఎలివేషన్ నాబ్ ఒక చివర నుంచి ఇంకో చివరకు ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సగానికి తెచ్చి వదిలెయ్. ఆ తర్వాత కూల్‌డ్రింక్ డబ్బా రేకుని అంచులు కత్తిరించి సన్నపట్టీ చేసి, స్కోప్‌ని పట్టుకునే రింగుల్లో వెనకదాని కింది సగంలో పరుచు. ఆ రేకు దాదాపు పదోవంతు మిల్లీమీటర్ మందం. రింగుల మధ్య 10 సెంటీమీటర్లుంటే ఒక్క పొరకే 25 మీటర్ల దగ్గర గుండు రెండున్నర సెంటీమీటర్లు పైకొస్తుంది. ఒక్క పొర వేసి కొట్టు, తీసి కొట్టు, తేడా చూసుకో. రోగం నిర్ధారణకు మాత్రమే ఇది. పొరల మీద పొరలు వేసి బిగిస్తే స్కోప్ గొట్టం వంగుతుంది, ఇంకో ఖర్చు. పర్మినెంటుగా కావాలంటే వెనక ఎత్తు సర్దుకునే మౌంట్ (స్కోప్‌ని పట్టీకి బిగించేది) తెప్పించుకో. కింద పిన్ను ఉండే రకం అడుగు, పట్టీ మీది రంధ్రంలో అది కూర్చోకపోతే ప్రతి దెబ్బకీ స్కోప్ వెనక్కి పాకుతుంది. స్కోప్ కూడా స్ప్రింగ్ రైఫిల్‌కి తగినదేనా చూసుకో. ముందుకీ వెనక్కీ ఊగే దెబ్బకు మామూలువి తట్టుకోవు. నాకు ఒక దుకాణంలో 'దేనికైనా పనికొస్తుంది' అని అంటగట్టింది నలభై పెల్లెట్లకే లోపలి గీత పక్కకు ఒరిగిపోయింది.

కావలి మాస్టారు:
క్లిక్కుల లెక్క కూడా రాసుకో బాబూ. నాబ్ క్లిక్ పావు నిమిషానిదైతే (ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) 25 మీటర్ల దగ్గర 2 మిల్లీమీటర్ల కన్నా కాస్త తక్కువ జరుగుతుంది. 4 సెంటీమీటర్లు కింద పడితే 22 క్లిక్కులు. ఒక్క గుండు చూసి తిప్పకు, ఐదు కొట్టి మధ్య చూసి తిప్పు. ఇంకొకటి, పొద్దున ఏడు లోపు కొట్టు. పదకొండు దాటితే సముద్రపు గాలి ఇంత తేలిక పెల్లెట్‌ని ఎటైనా నెడుతుంది.

పొదలకూరు నిమ్మతోట:
పెల్లెట్లు ఏవి వాడమంటారు? నా దగ్గర నాలుగు రకాలున్నాయి.

ఒంగోలు పాతచెయ్యి:
బ్యారెలే చెప్పాలి. ఏ డబ్బా అయినా ముందు పది కొట్టి వదిలెయ్, బ్యారెల్ ఆ సీసానికి అలవాటు పడాలి. తర్వాత ఐదేసి చొప్పున మూడు గ్రూపులు కొట్టి పక్కపక్కన పెట్టి చూడు. 10 మీటర్లలో కాగితానికి చదునుమూతివి గుండ్రటి బొక్క కొడతాయి, చూడ్డానికి బాగుంటుంది. 25 మీటర్లకు గుండ్రటి తలవే పోతాయి. డబ్బాలోంచి తీసేటప్పుడు అంచు నొక్కుకుపోయినవి ఏరి పక్కన పెట్టు. ఎన్ని ఏరేస్తావో చూస్తే నీకే ఆశ్చర్యం. నోట్లో పెట్టుకోవద్దు, అది సీసం, కొట్టాక చేతులు కడుక్కో. బ్యారెల్ విరిచి పెల్లెట్ వేసేటప్పుడు రెండో చేత్తో బ్యారెల్‌ని వదలకు. ట్రిగ్గర్ జారితే వేలు పోతుంది.

పొదలకూరు నిమ్మతోట:
(ఇరవై రోజులకు) మౌంట్ వచ్చింది, బిగించా. నాబ్ ఇప్పుడు దాదాపు మధ్యలో ఉంది. ఈ ఉదయం 25 మీటర్లలో ఐదు కొడితే నాలుగు పది రూపాయల బిళ్ల కింద దాక్కున్నాయి. ఐదోది మాత్రం పక్కకు రెండంగుళాలు పోయింది. మళ్లీ కొట్టా, మళ్లీ నాలుగు బాగా, ఒకటి పక్కకు.

ఒంగోలు పాతచెయ్యి:
పక్కకు పోయిన ఆ ఐదోది కొట్టేటప్పుడు ట్రిగ్గర్ ఎంత లాగాక పేలిందో గుర్తుందా? బ్రీచ్ (బ్యారెల్ విరిచి పెల్లెట్ వేసే చోటు) మూసిన చోట పైన టిష్యూ కాగితం ముక్క పెట్టి, పెల్లెట్ వేసి కొట్టి చూడు. కాగితం ఎగిరితే అక్కడి రబ్బరు రింగు అరిగినట్టు, మార్చడం పది నిమిషాల పని. ఎగరకపోతే మాస్టారు చెప్పినట్టు నీ ఎడమచేతి వేళ్లు ఎక్కడున్నాయో ఒకరిని వీడియో తీయమను.