వక్ఫ్‌ను ‘దేవాదాయం’ అనొచ్చా?

మన భాషా గుంపులో ఒకరు అడిగిన ప్రశ్నకి జవాబు పెద్దదయ్యేలా ఉంది, అందుకే విడిగా పెడుతున్నా. ఒక అనువాదంలో ‘వక్ఫ్ ఆస్తి’ని (అంటే ముస్లింలు పుణ్యకార్యం కోసం శాశ్వతంగా నిలిపిన ఆస్తిని) ‘ముస్లిం దేవాదాయ ఆస్తి’ అనీ, ‘ముతవల్లీ’ని (ఆ ఆస్తిని చూసుకునేవాణ్ని) ‘ధర్మకర్త’ అనీ రాశారట, సరేనా అని అడిగారు. మొదటిది నాకు అస్సలు నచ్చలేదు, రెండోది కొంతవరకు ఫర్వాలేదు. పరాయి మాటకి మన మాట ఎందుకు వాడారన్నది కాదు నా గొడవ. ‘దేవాదాయం’ అనగానే ఆ ఆస్తి ఎవరిదన్న లెక్క మొత్తం మారిపోతోంది.

వక్ఫ్ అరబీ మాట, ఆపడం, నిలపడం అని దాని ధాత్వర్థం. మనం రోజూ వాడే ‘వాకబు’ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే (వాకిఫ్ అంటే విషయం ఎరిగినవాడు, మన దగ్గరికొచ్చేసరికి ఆరా తీయడం అయింది). సరే, ఇక్కడ ఆపేది దేన్ని? ఆస్తి చేతులు మారడాన్ని. ప్రవక్త సహచరుడు ఉమర్‌కి అరేబియాలోని ఖైబర్‌లో మంచి భూమి దక్కితే ఏం చెయ్యమంటారని ప్రవక్తను అడిగాడనీ, మూలాన్ని అలాగే ఉంచి దాని ఫలాన్ని దానం చెయ్యమన్నారనీ హదీసు (ప్రవక్త మాటలు, చేతల గురించిన ఉల్లేఖనం). ఆ భూమిని అమ్మకూడదు, ఎవరికీ ఇచ్చెయ్యకూడదు, వారసులకి పోకూడదు. వక్ఫ్ చట్టం అంతా దాదాపు ఈ మూడు ‘కూడదు’ల మీదే నడుస్తుంది. ఉత్తర ఆఫ్రికాలో దీన్నే ‘హబ్స్’ అంటారు, అంటే కట్టడి చేయడం. మొరాకోలో ఇప్పటికీ ఆ పేరుతో ఒక మంత్రిత్వ శాఖే ఉంది.

ఇప్పుడు అసలు తేడా దగ్గరికి వద్దాం. ఇంగ్లిష్ ట్రస్టులో చట్టం దృష్టిలో ఆస్తి ట్రస్టీ పేరునే ఉంటుంది, దాని మీద ప్రయోజనం మాత్రం లబ్ధిదారుది. అంటే యాజమాన్యాన్నే రెండుగా చీల్చారు. గుడి ఆస్తి సంగతి వేరు, అక్కడ యజమాని సాక్షాత్తూ దేవుడే, చట్టం ముందు ఆయన ఒక వ్యక్తి. 1925లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన కేసులకి ఆఖరి అప్పీలు కోర్టు, లండన్‌లో ఉండేది) ముందుకి ఒక కుటుంబం తగాదా వచ్చింది, ఇంటి విగ్రహాన్ని ఎక్కడుంచి పూజ చెయ్యాలని. ఆ విగ్రహం ఇష్టం కూడా వినాలి, దాని తరఫున మాట్లాడటానికి వేరే ఒకరిని పెట్టండి అన్నారు జడ్జీలు! నవ్వొస్తుందేమో గానీ, ‘దేవాదాయం’ అన్న మాటలో ఉన్నదంతా అదే, దేవుడికొచ్చే ఆదాయం, దేవుడి పేరున ఆస్తి.

అదే వాదన మసీదుకి చేస్తే ఏమైందో చూడండి. లాహోర్ షహీద్‌గంజ్ కేసులో మసీదే వాదిగా కోర్టుకెక్కింది. 1940లో ప్రివీ కౌన్సిల్, విగ్రహంలాగా మసీదుని ఒక వ్యక్తిగా నిలబెట్టి దావా వెయ్యడం కుదరదు అంది. ఎందుకంటే వక్ఫ్‌లో మసీదు యజమాని కాదు, ముతవల్లీ యజమాని కాదు, ఇచ్చినాయనా కాదు. ఇస్లామిక్ న్యాయ పండితుడు ఇమామ్ అబూ హనీఫా మాత్రం ఇచ్చినవాడి యాజమాన్యం పోదన్నారు, కానీ ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఇద్దరూ అది అల్లాహ్‌కి చేరిపోతుందన్నారు. మన దేశంలో కోర్టులు పట్టుకున్నది శిష్యుల మాటే. ‘అల్లాహ్‌ది అన్నప్పుడు అదీ దేవాదాయమే కదా’ అని మీరు అనబోతున్నారని తెలుసు. కాదండీ. గుడిలో దేవుడు ఆస్తి పుచ్చుకుంటాడు, కేసు వేస్తాడు, కేసులో ప్రతివాదిగానూ నిలబడతాడు. ఇక్కడ అల్లాహ్‌ది అనడమంటే మనుషుల్లో ఇక ఎవరిదీ కాదు అని చెప్పడమే. ఆయన పేరున పట్టా రాయరు, ఆయన తరఫున ఎవర్నీ నిలబెట్టరు.

ఇదొక్కటి పట్టుకుంటే మిగతా తేడాలు వాటంతట అవే అర్థమవుతాయి. యూరప్‌లో చర్చి ఒక సంస్థగా భూములు కూడబెట్టుకుంటూ పోతే రాజుకి భయం పట్టి, 1279లో ఇంగ్లండ్‌లో దాన్ని ఆపే చట్టం తెచ్చారు. ముస్లిం రాజ్యాల్లో అలా పోగేసే ఒక్క పెద్ద సంస్థంటూ లేదు. ఒక ఆసుపత్రికి ఒక దస్తావేజు, ఒక మదరసాకి ఇంకొకటి, వంతెనకి మరొకటి, దేని షరతులు దానివే. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన ఆసుపత్రి అలా వక్ఫ్ ఆదాయంతో నడిచిందే. యెరూషలేములో ఒట్టోమన్ చక్రవర్తి సులేమాన్ భార్య హుర్రెమ్ సుల్తాన్ 1550ల్లో పెట్టించిన అన్నసత్రం కూడా అంతే. ఇచ్చినవాడి షరతు శాసనకర్త మాటతో సమానం అని ఫిఖహ్‌లో (ఇస్లామిక్ న్యాయశాస్త్రంలో) ఒక సూత్రం ఉంది. అది బలమూ, ఇబ్బందీ కూడా. ఆక్స్‌ఫర్డ్‌లో మెర్టన్ లాంటి కాలేజీ 1264 నుంచి తన సభ్యులే తన్ను నడుపుకునే సంస్థగా ఎదిగితే, మదరసా తన దస్తావేజు గీత దాటాలంటే ఖాజీ (ఇస్లామిక్ న్యాయాధికారి) అనుమతి కావాలి. ఆస్తి పాడుబడితే బదులు వేరే ఆస్తి తీసుకోవడానికి కూడా (ఇస్తిబ్దాల్ అంటారు) ఆయన ఒప్పుకోవాలి.

ఈ గుంపులో శాసనాలు చదివేవాళ్లకి ఒక సంగతి. మన దాన శాసనాల్లో ‘ఆచంద్రార్కం’ అని ఉంటుంది కదా, చివర్లో ‘స్వదత్తాం పరదత్తాం వా’ అని శాపశ్లోకం, తానిచ్చిందైనా ఇతరులిచ్చిందైనా నేల కాజేసినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. వక్ఫ్ దస్తావేజుల్లోనూ భూమి ఉన్నంతకాలం అన్నట్టు శాశ్వతమని రాసి, చివర్లో మార్చినవాడి మీద అల్లాహ్, దేవదూతలు, మనుషులందరి శాపం అని కలుపుతారు. పురుగు లేదు గానీ కోపం అంతే! యాజమాన్యం దగ్గర ఇంత దూరంగా ఉన్న రెండూ భయపెట్టడంలో మాత్రం అన్నదమ్ముల్లా ఉన్నాయి.

‘ధర్మకర్త’ ఎందుకు ఫర్వాలేదన్నానంటే, 1921లో జస్టిస్ అమీర్ అలీ రాసిన తీర్పు ఒకటి ఉంది. మఠాధిపతి గానీ, గుడి సేవాయత్ (దేవుడి పూజా, ఆస్తీ చూసుకునేవాడు) గానీ, ముతవల్లీ గానీ ఇంగ్లిష్ అర్థంలో ట్రస్టీలు కారు, ఆస్తి వాళ్ల పేరు మీదికి బదిలీ కాదు, వాళ్లు చూసుకునేవాళ్లు మాత్రమే అని అందులో చెప్పారు. గుడి వాడుకలో ధర్మకర్త అంటే చూసుకునేవాడే కాబట్టి సరిపోతుంది. కాకపోతే కోర్టు తెలుగులో ధర్మకర్త అంటే ట్రస్టీ అయి కూర్చుంది, అదీ చిక్కు. నేనైతే ముతవల్లీ అనే ఉంచుతా.

వ్యాఖ్య: అండీ, వక్ఫ్ అంటే జకాత్ లాంటి దానమే కదా? ‘ధర్మాదాయం’ అంటే ఏం పోతుంది?

జవాబు: జకాత్ వేరండీ. అది విధి, నిసాబ్ (కనీస పరిమితి) దాటిన సొమ్ము చాంద్రమాన సంవత్సరం పాటు చేతిలో ఉంటే అందులో రెండున్నర శాతం, ఎవరికివ్వాలో ఎనిమిది తరగతులు ఖురాన్‌లోనే చెప్పారు. తీసి పంచేస్తే ఆ ఏటికి దాని పని అయిపోయింది. వక్ఫ్ ఇష్టపూర్వకం, మూలం ఎప్పటికీ ఖర్చు కాకూడదు. దానికి ‘ధర్మాదాయం’ కొంత దగ్గరే, దేవాదాయం కంటే నయం. కానీ కుటుంబ వక్ఫ్ దగ్గర అదీ చిక్కుతుంది.

వ్యాఖ్య: కుటుంబ వక్ఫ్ అంటే? సొంత పిల్లలకిస్తే ధర్మం ఎలా అవుతుంది గురువుగారూ 🙂

జవాబు: సరిగ్గా ఇదే ప్రశ్న 1894లో ప్రివీ కౌన్సిల్ కూడా వేసింది. తరతరాలుగా పిల్లలు అనుభవించాలి, వంశం అంతా పోయాక పేదలకి అని రాసిన వక్ఫ్‌ని, పేదల మాట పేరుకే ఉంది అని కొట్టేసింది. ముస్లింల వైపు నుంచి పెద్ద అభ్యంతరం వచ్చింది, ఎందుకంటే సొంతవాళ్లని పోషించడం కూడా వాళ్ల ధర్మంలో పుణ్యమే. జిన్నా ప్రవేశపెట్టిన బిల్లు 1913లో చట్టమై అలాంటి వక్ఫులు మళ్లీ చెల్లాయి. వారసత్వంలో ఎవరి వాటా ఎంతో ముందే ఖరారు, వీలునామా రాసినా మూడో వంతు దాటకూడదు అన్న పద్ధతిలో ఆస్తి ముక్కలవకుండా దీన్ని వాడుకున్నవాళ్లూ ఉన్నారు, అది దాచాల్సిన పని లేదు. సిరియా 1949లో, ఈజిప్టు 1952లో కుటుంబ వక్ఫుల్ని రద్దు చేశాయి కూడా. ఇలాంటిదాన్ని ‘ధర్మాదాయం’ అని రాస్తే తెలుగు పాఠకుడు దస్తావేజు చదివి బుర్ర గోక్కుంటాడు.

వ్యాఖ్య: ఇప్పటి వక్ఫ్ చట్టం సవరణ మీద మీ అభిప్రాయం?

జవాబు: అడ్మిన్ గారికి టెన్షన్ పెట్టకండి, ఇది భాషా గుంపు.

వ్యాఖ్య: మరి బహువచనం? అరబీలో ‘ఔకాఫ్’ అంటారు, తెలుగులో అదే రాయాలా?

జవాబు: అక్కర్లేదు. వక్ఫ్, వక్ఫులు, వక్ఫు భూమి. ముతవల్లీ, ముతవల్లీలు. మొదటిసారి వచ్చినచోట ‘అమ్మకానికీ వారసత్వానికీ వీల్లేకుండా నిలిపిన ఆస్తి’ అని ఒక్క ముక్క రాసి, తర్వాత మామూలుగా వాడుకుంటూ పోవచ్చు.