ఏం చదువుతున్నారని అడిగితే దామలచెరువు కనుమలో ఇరుక్కున్నాం

కోటగోడ (చంద్రగిరి):
ఈ వానలకి ఇంట్లో కూర్చుని ఏ యుద్ధం పుస్తకం చదువుతున్నారో చెప్పండి. ఒక్కొక్కరు ఒకటి చాలు. నేను తళ్లికోట మీద ఉండా. 1565 జనవరిలో ఒక్క రోజు జరిగిన దానికి ఒక్కో పుస్తకం ఒక్కో కారణం చెప్తాది. మూడోది ముగిసేసరికి మొదటిది మర్చిపోయినా.

మామిడితాండ్ర:
కలాం గారి ఆత్మకథ, మళ్లీ. అమెరికాలో వాలప్స్ కేంద్రం గోడ మీద టిప్పు సైన్యం రాకెట్ల బొమ్మ చూశానని రాస్తారు కదా, ఆ పేజీ కోసం.

కోటగోడ:
అది యుద్ధం పుస్తకం కాదు తాండ్రా. సరే, కానీ.

పాకాల ప్యాసింజర్:
రాబర్ట్ ఆర్మ్, మన దేశంలో ఇంగ్లీషోళ్ల యుద్ధాల చరిత్ర రాసినాయన. మొదటి సంపుటం 1763లో అచ్చయింది. ఫోన్లో స్కాన్ చదువుతా ఉండా, కళ్లు పోతా ఉండాయి. ఎందుకంటే అందులో మన దామలచెరువు ఉంది. మామిడి మండీకి తప్ప దేనికీ పేరెత్తని ఊరు! 1740 మే 20న ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ మరాఠాల చేతిలో చచ్చింది ఈ కనుమలోనే. కొడుకు హసన్ అలీ కూడా పడిపోయినాడు. వచ్చినవాడు రఘోజీ భోంస్లే. నవాబు కనుమకి అడ్డంగా కూర్చుని పెద్దకొడుకు సఫ్దర్ అలీ, అల్లుడు చందా సాహెబ్ సేనలతో వస్తారని ఎదురుచూస్తా ఉన్నాడు. కొంచెం అవతల ఇంకో దారికి కాపలా పెట్టిన హిందూ అధికారి ఒకడు మరాఠాలకి దారి వదిలేశాడంట. వాళ్లు వెనకనుంచి వచ్చి పడ్డారు. పాకాల స్టేషన్లో ఎన్నేళ్లు రైలెక్కినా, ఈ సంగతి చెప్పినోడు లేడు.

మాజీ హవల్దార్ (చిత్తూరు):
బాగా చెప్పినారు సార్. ఒక్క మాట. కనుమలో కూర్చున్నోడికి ముందు కన్నా పక్కలే ముఖ్యం. పక్క పికెట్, అంటే కాపలా దళం, నిలబడితే ముందు వెయ్యి మంది ఉన్నా గడ్డి పీకలేరు. అది కదిలిందంటే మిగతావాళ్ల పని అయిపోయినట్టే. కాబట్టి ఆ కాపలావాడు ద్రోహి. ఇందులో చర్చ ఏముంది.

కల్లూరోడు:
చర్చ ఉంది సార్. ద్రోహి అనేముందు వాడి పేరు చెప్పండి.

పాకాల ప్యాసింజర్:
నేను చదివిన పేజీల్లో పేరు లేదు తమ్ముడూ.

కల్లూరోడు:
పేరు లేదు, ఊరు లేదు, తీసుకున్న డబ్బెంతో లేదు. ఆర్మ్ పుట్టింది 1728 డిసెంబర్లో. ఈ యుద్ధం నాటికి పదకొండేళ్ల పిల్లోడు. రాసింది ఇరవైమూడేళ్ల తర్వాత. ఆర్కాటు దర్బారులో ఎవరో చెప్పింది ఇంకెవరో విని, అది ఈయన చెవిన పడింది. ఓడిపోయిన దర్బారు ఏం చెప్తాది? ‘మా నవాబుకి యుద్ధం రాదు’ అంటాదా? ‘ఎవడో హిందువు అమ్ముడుపోయినాడు’ అంటాది.

మాజీ హవల్దార్:
పుస్తకంలో ఉన్నది చెప్పినాం. మీకెందుకు అంత మంట?

కల్లూరోడు:
చెప్తా వినండి. తొమ్మిదో తరగతిలో మా సోషల్ సార్ ఇదే కథ చెప్పి, నన్ను లేపి నిలబెట్టి, ‘కనుమ అమ్ముకున్న పాళెగాళ్లు వీళ్ల తాతలే’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. పదో తరగతి అయ్యేదాకా నా పేరు ‘కనుమోడు’. ఆయన నోట్సులో ‘జెంటూ’ అని ఉందంట. జెంటూ అంటే తెలుగోడు, తెలుగోడంటే ఇక్కడి పాళెగాడు, కనుమ కల్లూరు పక్కనే, కాబట్టి మేమే. ఇదీ లెక్క.

అట్లాసు అక్క:
జెంటూ దగ్గర రవంత ఆగాలి బాబూ. అది పోర్చుగీసు నుంచి వచ్చిన మాట. ఆనాటి ఇంగ్లీషు రాతల్లో దానికి రెండర్థాలు నడిచాయి. ఒకటి హిందువు. రెండోది, ముఖ్యంగా మద్రాసు వైపు, తెలుగు మనిషి, తెలుగు భాష. ఎక్కడ ఏ అర్థమో ఆ వాక్యం చూసి తేల్చుకోవాలి. మీ సార్ రెండోది పట్టుకుని మీ ఇంటిదాకా నడిచొచ్చారు.

మామిడితాండ్ర:
కనుమోడు 😄

కోటగోడ:
తాండ్రా, వద్దు.

గుడిపాల గాలి:
నేను హైదర్ అలీ మీద చదువుతా ఉండా. ఆయన పోయింది మా దగ్గర నరసింగరాయనిపేటలోనే, 1782 డిసెంబర్ 7న. టిప్పు వచ్చేదాకా చావు సంగతి బయటికి పొక్కనియ్యలేదు. దీని మీద మంచి పుస్తకం ఎవరికైనా తెలుసా?

మాజీ హవల్దార్:
జెంటూ అయితే ఏంది, ఇంకోటైతే ఏంది. కులం, భాష నేను అడగలా. కాపలా వదిలినాడా లేదా? అంతే.

కల్లూరోడు:
వదిలినాడే అనుకుందాం. ఎవరి కాపలా అది? పాళెగాడికి నవాబు చేసిందేంది? ఏటా పేష్కష్ (కప్పం) గుంజడం, ఇవ్వకపోతే సేన తోలడం. రేపు మరాఠాలు వచ్చి కల్లూరు లోయలో పంట తగలబెడితే ఆర్కాటు నుంచి ఎవడొస్తాడు? సొంత అల్లుడే రాలేదు! చందా సాహెబ్ తిరుచిరాపల్లిలో కూర్చుని కాలయాపన చేసినాడు. సఫ్దర్ అలీ తండ్రి చావు కబురు విని వేలూరు కోటలో దూరి, తర్వాత కోటి రూపాయలకి మరాఠాలతో ఒప్పందం చేసుకున్నాడు. వాళ్లని పిలిపించిందే వీడని అనుమానం కూడా ఉండె. కొడుకు, అల్లుడు చరిత్రలో ‘రాజకీయం’ చేసినారు. పేరు లేనోడొక్కడే ‘ద్రోహం’ చేసినాడు.

పాకాల ప్యాసింజర్:
ఈ మాట మాత్రం నిజం. 1741లో అదే మరాఠాలు తిరుచిరాపల్లి పట్టుకుని చందా సాహెబ్‌ని సతారాకి లాక్కుపోయినారు. అయితే తమ్ముడూ, నువ్వు ఇంతసేపు పాళెగాడు కాదని వాదించి, ఇప్పుడు పాళెగాడైనా తప్పు లేదంటా ఉండావు. రెంట్లో ఏదో ఒకటి చెప్పు. ఆర్మ్ రాసింది ‘అధికారి’ లెక్కలో. పాళెగాడన్నది మీ సార్ కలిపిందే. నవాబు జీతం తినేవాడైతే నీ పేష్కష్ మాట నిలబడదు.

కల్లూరోడు:
జీతం ఇచ్చినాడని ఎవరు చూసినారు? రెండూ అంటా. ఏం చేస్తారు?

మాజీ హవల్దార్:
బాబూ, నువ్వు ఎప్పుడైనా రాత్రిపూట గుట్ట మీద కాపలా కూర్చున్నావా? నేను కూర్చున్నా. ఏ సంవత్సరం, ఎక్కడ అని అడగొద్దు. మా ఎడమపక్క పోస్టువాళ్లు చెప్పకుండా కిందికి దిగిపోయినారు. తెల్లారి చూసుకుంటే మాలో ఇద్దరు లేరు. ఒకడిది మా పక్క వీధి. వాళ్లమ్మకి నేనే చెప్పినా. ఆ పక్కపోస్టువాళ్లకి కూడా కారణాలు ఉండే ఉంటాయి. పేష్కష్ లాగా పెద్ద కారణాలే ఉండొచ్చు. నాకు అక్కర్లా. నవాబు మంచోడా చెడ్డోడా నాకు తెలీదు. ఆ కనుమలో నవాబు పక్కన నిలబడినోళ్లలో మన ఊళ్ల కూలిజనం కూడా ఉంటారు కదా. వెనకనుంచి పడితే ముందు చచ్చేది వాళ్లే.

కోటగోడ:
…

అట్లాసు అక్క:
హవల్దార్ గారూ, ఇంతసేపూ మీరు 1740 గురించి మాట్లాడతా ఉన్నారనుకున్నా.

మాజీ హవల్దార్:
నేనూ అట్లే అనుకున్నానమ్మా.

కల్లూరోడు:
సార్, మీ సంగతి నాకు తెలీదు. మంట అన్నందుకు కోపంలో మాట్లాడినా. కానీ పుస్తకంలోవాడు, మీ పక్కపోస్టువాడు ఒకటి కాదు. మీరు వాడిని చూసినారు. వీడిని ఎవరూ చూడలా. అందుకే పేరు అడుగుతా ఉండా, ఇప్పుడూ అడుగుతా.

అట్లాసు అక్క:
పేరు దొరక్కపోవచ్చు గానీ, దగ్గరగా చూసిన ఇంకో కన్ను ఉంది. ఆనందరంగ పిళ్లై దినచర్య, తమిళంలో. 1736 నుంచి రాసుకున్నారు. దోస్త్ అలీ భార్య పరివారంతో పుదుచ్చేరికి పరుగెత్తుకొస్తే ఫ్రెంచి గవర్నర్ డ్యూమా తలుపులు తీసి లోపలికి రానిచ్చారు. అప్పుడు ఆ ఊరి మనిషి పిళ్లై. ఆర్మ్ కన్నా ఇరవైమూడేళ్లు దగ్గర. ఇంగ్లీషు అనువాదం మొదటి సంపుటం నా దగ్గరుంది. పోయినసారి ఇచ్చిన పుస్తకం ఇంకా రాలేదు, కాబట్టి ఎవరికీ ఇవ్వను. మా ఇంటికొచ్చి చదువుకోండి.

కల్లూరోడు:
వస్తానక్కా. ఆదివారం.

మాజీ హవల్దార్:
నాకు ఇంగ్లీషు అంత రాదు. ఆ అబ్బాయి చదివి చెప్తే వింటా.

కల్లూరోడు:
చదువుతా సార్. మధ్యలో ద్రోహి అంటే మాత్రం ఆపేస్తా.

గుడిపాల గాలి:
హైదర్ అలీ పుస్తకం సంగతి ఎవరూ చెప్పలేదు.