అప్‌డేట్: మేత మానేసిన పట్టుపురుగుల సంగతి

పలమనేరు దగ్గర మా షెడ్డులో మూడో దశ పట్టుపురుగులు ఒక్కసారిగా మేత మానేసి, తలలు పైకెత్తి కదలకుండా ఉండిపోయాయని, అది తెగులేమోనని ఇదివరకు అడిగాను. అది రోగం కాదని, కుబుసం విడిచే ముందు మేత మాని కదలకుండా ఉండే దశ అని, దాన్నే రైతులు జ్వరం అంటారని, ఆకు ఆపి పడకపై సున్నం చల్లమని చెప్పినవారందరికీ కృతజ్ఞతలు.

దగ్గరగా చూస్తే ప్రతి పురుగు తల వెనుక చర్మం కింద చిన్న నల్లటి ముక్కోణం కనిపించింది. అదే లోపల తయారవుతున్న కొత్త తల. పాలపురుగు తెగులైతే ఒళ్లు ఉబ్బి, గిల్లితే తెల్లని ద్రవం కారేది. దాదాపు అన్నీ కుబుసం విడిచాకే ఆకు వేశాము, ఎందుకంటే ముందు లేచినవాటికి ముందే వేస్తే గుంపంతా ఎగుడుదిగుడుగా పెరుగుతుంది. నాలుగో జ్వరం దాటి పురుగులు చివరిదైన ఐదో దశకు చేరాక అసలు పని మొదలైంది: పురుగు జీవితకాలంలో తినే ఆకులో సుమారు 80 శాతం ఈ ఐదో దశలోనే తింటుంది కనుక, ఆకు కోతకు మనుషులు దొరకడమే కష్టమైంది. చివరికి అవి మేత మాని, ఒళ్లు పసుపు ఛాయతో పారదర్శకంగా మారగానే చంద్రికలపైకి (గూళ్లు అల్లుకునే తట్టలపైకి) ఎక్కించాము; ఇప్పుడు గూళ్లు గట్టిపడ్డాయి.

కొన్ని గూళ్లు ఉంచుకుని సొంతంగా గుడ్లు పెట్టించుకోవచ్చుగా అని ఒకరు అడిగారు. గూటి నుంచి బయటికొచ్చే పట్టుచిలుక (రెక్కల పురుగు) నాలుగైదు వందల గుడ్లు పెడుతుంది, నిజమే. కానీ మేము పెంచేది సంకరజాతి, దాని పిల్లలు ఒకే తీరుగా రావు. పైగా పెబ్రిన్ అనే తెగులు తల్లి నుంచి గుడ్డుకు సోకుతుంది కాబట్టి, తల్లిచిలుకను నూరి సూక్ష్మదర్శినిలో పరీక్షించిన గుడ్లే కొంటాము.