చక్కెర ఫ్యాక్టరీ చిమ్నీకి గంటవారీ ఉద్గారాల ఫైలు: ఏర్‌మోడ్ కోసం ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న (తణుకు ప్రాంతం నుంచి)

అందరికీ నమస్కారం. డెల్టాలోని ఒక చక్కెర ఫ్యాక్టరీ విస్తరణ కోసం, చిమ్నీ పొగ చుట్టుపక్కల ఊళ్లకు ఎలా వ్యాపిస్తుందో ఏర్‌మోడ్‌తో (గాలిలో కాలుష్యం వ్యాపించే తీరును లెక్కించే కంప్యూటర్ మోడల్) లెక్కకట్టే పనిలో ఉన్నాను. చెరకు పిప్పి మండించే బాయిలర్ చిమ్నీ పైభాగాన వ్యాసం 1.8 మీటర్లు. ధూళి సాంద్రత, పొగ ప్రవాహం, ఉష్ణోగ్రత ఆన్‌లైన్ మానిటర్‌లో 15 నిమిషాలకొకసారి నమోదవుతున్నాయి. క్రషింగ్ (చెరకు ఆడించే) నెలల్లోనే చిమ్నీ పనిచేస్తుంది. ఆ నెలల్లోనూ చెరకు రాక తగ్గిన రోజుల్లో బాయిలర్ సగం లోడు మీద నడుస్తుంది. ఏడాది మొత్తానికి ఒకే సగటు ఇస్తే ఊళ్ల మీద పడే అసలు భారం కనబడకుండా పోతుందేమోనన్నది నా ఆందోళన. నెలవారీ గుణకాలు (ఆ సగటును నెలనెలా పెంచే, తగ్గించే అంకెలు) సరిపోతాయా, గంటవారీ ఫైలే తయారు చేయాలా? మానిటర్ పనిచేయని గంటలను ఏం చేయాలి?

జవాబు 1 (కాకినాడ నుంచి)

గంటవారీ ఫైలే తయారు చేయండి. ఏర్‌మోడ్ ఇన్‌పుట్‌లో ఎమిస్‌ఫ్యాక్ట్ అనే ఆదేశం కింద ఇచ్చే గుణకాలు ఉద్గార పరిమాణాన్ని మాత్రమే మారుస్తాయి. పొగ వేడి, వేగం మీరు ఎస్‌ఆర్‌సీపారమ్‌లో (చిమ్నీ స్థిర విలువలు ఇచ్చే ఆదేశం) ఇచ్చినవే ఉండిపోతాయి. సగం లోడు మీద ధూళి తగ్గినా, పొగ మెల్లగా వెలువడి తక్కువ ఎత్తుకే లేచి, దగ్గరి ఊళ్లోనే నేలకు దిగవచ్చు. గుణకాలతో ఈ సంగతి పట్టుబడదు. హవర్‌ఎమిస్ అనే ఈ గంటవారీ ఫైలులో తేదీ, గంట, చిమ్నీ గుర్తు తరువాత మూడు విలువలూ కలిసి వస్తాయి: ఉద్గారం సెకనుకు గ్రాముల్లో, ఉష్ణోగ్రత కెల్విన్లలో, వేగం సెకనుకు మీటర్లలో.

లెక్క ఇలా చూడండి. సాంద్రత నార్మల్ ఘనమీటరుకు 120 మిల్లీగ్రాములు, ప్రవాహం గంటకు 54,000 నార్మల్ ఘనమీటర్లు అనుకుందాం. అంటే సెకనుకు 15 ఘనమీటర్లు, 1.8 గ్రాముల ధూళి. మన దేశంలో నార్మల్ అంటే 25 డిగ్రీల సెల్సియస్, 760 మిల్లీమీటర్ల పీడనం. పొగ 150 డిగ్రీల దగ్గర ఉంటే 15ను 423తో గుణించి 298తో భాగించాలి, 21.3 ఘనమీటర్లు వస్తుంది. చిమ్నీ వైశాల్యం 2.54 చదరపు మీటర్లు కనుక వేగం సెకనుకు 8.4 మీటర్లు. అయితే ఆ ప్రవాహం తేమ తీసేసిన లెక్కో కాదో తప్పక కనుక్కోండి. మిల్లు నుంచి వచ్చే పిప్పిలో దాదాపు సగం నీరే ఉంటుంది కాబట్టి పొగలో ఆవిరి చాలా ఎక్కువ. ఆవిరి 20 శాతమైతే, పొడి ప్రవాహాన్ని 0.8తో భాగించాలి, అప్పుడు వేగం 10.5 మీటర్లకు పెరుగుతుంది.

సాంద్రతను, పొగలో 12 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటే ఎంత ఉండేదో ఆ లెక్కకు సరిదిద్ది చూపిస్తున్నారేమో కూడా చూడండి. పొగలో అసలు కార్బన్ డయాక్సైడ్ 9 శాతం దగ్గర ఉంటే, రిపోర్టులోని 120కి వెనుక ఉన్న నిజమైన సాంద్రత 90 మాత్రమే. సరిదిద్దిన సాంద్రతను సరిదిద్దని ప్రవాహంతో గుణిస్తే ఉద్గారం మూడో వంతు ఎక్కువగా తేలుతుంది.

ఇంకొక మాట. ముందు ప్రతి 15 నిమిషాలకూ సాంద్రతను ప్రవాహంతో గుణించి, ఆ ఫలితాలకే గంట సగటు తీయండి. సూట్ బ్లోయింగ్ (బాయిలర్ గొట్టాల మీది మసిని ఊది తీసేయడం) జరిగే కొద్ది నిమిషాల్లో సాంద్రత ఒక్కసారిగా ఎగబాకుతుంది. రెండింటి సగటులనూ విడివిడిగా తీసి తరువాత గుణిస్తే ఆ గంట లెక్క చెడిపోతుంది.

జవాబు 2 (రాజమహేంద్రవరం నుంచి)

పై జవాబుతో ఏకీభవిస్తూ, సమయం గురించి చెబుతాను. ఏర్‌మోడ్‌లో 10వ గంట అంటే 9 నుంచి 10 వరకు గడిచిన గంట. మానిటర్ ముద్రించే 10:00 ఆ గంట మొదలా, చివరా అన్నది సరఫరాదారుని అడిగి రాయించుకోండి. వాతావరణ ఫైలు డబ్ల్యూఆర్ఎఫ్ (వాతావరణాన్ని లెక్కించే కంప్యూటర్ మోడల్) నుంచి తెస్తున్నట్లయితే ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే అందులో గంటలు అంతర్జాతీయ సమయం (యూటీసీ) ప్రకారం ఉంటాయి, దాని సున్నా గంట మనకు ఉదయం 5:30. ఆ అరగంట తేడాను 15 నిమిషాల డేటాతోనే సరిచేయవచ్చు: గాలి లెక్క 4:30 నుంచి 5:30 వరకైతే ఉద్గారాల సగటు కూడా ఆ వ్యవధికే తీయండి. సముద్రపు గాలి మొదలయ్యే వేళ గాలి దిశ త్వరగా మారుతుంది కనుక, డెల్టాలో ఈ అరగంట చిన్న విషయం కాదు.

ఖాళీల విషయానికి వస్తే, ఫైలులో విలువలు లేకుండా వదిలేసిన గంటను ఏర్‌మోడ్ సున్నా ఉద్గారంగానే తీసుకుంటుంది. అందువల్ల మానిటర్ చెడిపోయిన ప్రతి గంటా ఫ్యాక్టరీ ఆగిన గంటగా మారిపోతుంది. బాయిలర్ లాగ్‌బుక్‌ను పక్కన పెట్టుకోండి. ఆవిరి ఉత్పత్తి నమోదై ఉండి మానిటర్ సున్నా చూపిస్తే అది లోపించిన డేటా; ఆవిరీ లేకపోతే అది నిజమైన సున్నా. ఒకటి రెండు గంటల ఖాళీని ముందువెనుక విలువలతో పూరించవచ్చు. అంతకు మించితే ఆవిరి ఉత్పత్తికీ పొగ ప్రవాహానికీ ఉన్న సంబంధం నుంచి లెక్కకట్టడమే న్యాయం. గంటల తరబడి దశాంశంతో సహా ఒకే అంకె కనిపిస్తే అది సెన్సార్ బిగుసుకుపోయిన గుర్తు, దానినీ లోపంగానే పరిగణించండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నా వాతావరణ ఫైలు 2024 క్యాలెండర్ సంవత్సరానిది. క్రషింగ్ మాత్రం ఏడాది చివర మొదలై మరుసటి ఏడాది వేసవి దాకా సాగుతుంది. ఒక పూర్తి సీజన్‌ను తీసుకుని 2024లో సర్దవచ్చా?

జవాబు 3 (కాకినాడ నుంచి)

వద్దండి. ఒక సీజన్ చివరి నెలలు, తరువాతి సీజన్ తొలి నెలలు కలిసి 2024లో నిజంగా ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి. ఏ గంట పొగకు ఆ గంట గాలే జోడవ్వాలి. 2024 లీపు సంవత్సరం కాబట్టి ఒక్కో చిమ్నీకి 8,784 వరుసలుండాలి. ఫిబ్రవరి 29ని ప్రత్యేకంగా చూసుకోండి. అసలు డేటా పెట్టేముందు, ఎస్‌ఆర్‌సీపారమ్‌లోని స్థిర విలువలనే అన్ని గంటలకూ నింపిన ఫైలుతో ఒకసారి నడపండి. హవర్‌ఎమిస్ లేకుండా నడిపిన ఫలితంతో అది సరిపోలకపోతే, తేడా ఫైలు అమరికలోనే ఉందని తెలిసిపోతుంది.